వార్షికోత్సవం వాలంటీర్లు: కొత్తవాళ్ళ పరిచయాలు, పనుల పంపకం

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. హాలు ఖాయమైంది. శనివారం సాయంత్రం 4 నుంచి 9 దాకా మనదే, మధ్యాహ్నం 1కే తలుపులు తీస్తామన్నారు. స్టేజీ, సౌండ్, రిజిస్ట్రేషన్, పార్కింగ్‌కి మనుషులు సరిపోయారు. ఫోటోలకే ఎవరూ లేరు. పోయినసారి నలుగురం ఫోన్లతో తీశాం. ఆల్బమ్‌లో పెట్టుకోదగ్గవి పదకొండు తేలాయి, అందులో రెండింట్లో ఎవరివో వీపులు. కొత్తగా పేరిచ్చినవాళ్ళు కాస్త పరిచయం చేసుకోండి. "ఏ పనైనా చేస్తాను" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి. ఏం వచ్చో, ఏది ఇష్టమో రాస్తే పని అప్పగించడం నాకు తేలిక.

కొత్త వాలంటీర్ (16 ఏళ్ళు):
నమస్తే ఆంటీ, అందరికీ నమస్తే. నేను పదకొండో తరగతి చదువుతున్నాను. తెలుగు టైపింగ్ నాకు నెమ్మది, ఇది నిన్నటి నుంచి రాస్తున్నాను. పొడుగైతే ఏమీ అనుకోకండి, మీరే వివరంగా రాయమన్నారు.

నాకు రెండు పిచ్చిలున్నాయి. ఒకటి వయొలిన్, రెండోది కెమెరా. వయొలిన్ ఏడేళ్ళప్పుడు మొదలుపెట్టాను. వర్ణాలు అయ్యాయి, కృతులు కొన్ని వచ్చు. గొప్పగా వాయిస్తానని చెప్పను, సాధన మానేసిన వారం వింటే మీకే తెలిసిపోతుంది. కెమెరా పదమూడో ఏట దొరికింది. బీరువా సర్దుతుంటే నాన్నది పాతది బయటపడింది, బ్యాటరీ చచ్చిపోయి ఉంది. కొత్త బ్యాటరీ వేయించాను. ఆ తర్వాత అది బీరువాలోకి వెళ్ళలేదు.

ఈ రెండూ ఎక్కడ కలిశాయంటే మా గురువుగారింటి గోడ మీద. అక్కడ ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఫోటో ఉంది, నల్ల కళ్ళద్దాలతో. ఆయన 1964లోనే పోయారు. ఆయనకి చూపు బాగా తక్కువని గురువుగారు చెప్పారు. సరళీ స్వరాలు వాయిస్తూ నేను ఆ ఫోటోనే చూస్తూ కూర్చునేదాన్ని. ముక్కు నీడ ఒక చెంప మీద పడింది కదా, మరి కిటికీ రెండో వైపు ఉండి ఉంటుందా? అద్దాల్లో కనిపించే ఆ చిన్న తెల్లటి చుక్క ఏమిటి? అలా చూస్తుండగా మాయామాళవగౌళలో నా రిషభం జారిపోయేది. "కళ్ళు గోడ మీద, రి గాల్లో" అనేవారు గురువుగారు. కోప్పడలేదు గానీ, తర్వాత నన్ను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టారు. కిటికీలోంచి వెలుతురు ఎలా మారుతుందో చూడటం మొదలుపెట్టాను. అదీ ఆయనకి తెలిసిపోయింది.

ఇంకో సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరైనా చెప్తే బాగోదు. రెండేళ్ళ క్రితం ఒక కచేరీకి కెమెరా పట్టుకెళ్ళి రెండో వరసలో కూర్చున్నాను. పాడే ఆయన ఆలాపన చేస్తూ తారషడ్జం (పై స) అందుకుని అక్కడే నిలబడ్డారు. హాలంతా నిశ్శబ్దం. నేను బటన్ మీద వేలు పెట్టి వదల్లేదు. టకటకటకమని తొమ్మిది ఫోటోలు. ఆయన కళ్ళు తెరిచి సరిగ్గా నా వైపు చూశారు. ఏమీ అనలేదు, కళ్ళు మూసుకుని మళ్ళీ మధ్యస్థాయి నుంచి ఎత్తుకున్నారు. నా వల్ల ఆయన ఎక్కిన మెట్లన్నీ దిగి మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. ఆ తొమ్మిదింట్లో ఒకదాంట్లో కళ్ళు సగం తెరుచుకుంటున్నాయి. ఫోకస్ కూడా చక్కగా కుదిరింది. నేను తీసిన వాటిల్లో అంత మంచిది ఇంకోటి లేదు, ఇప్పటిదాకా ఎవరికీ చూపించలేదు.

అప్పటి నుంచి క్లిక్‌మనని సైలెంట్ షట్టర్ వాడుతున్నాను, పాట వింటూ తీస్తున్నాను. వినడం అంటే తాళం వేసుకుంటూ అని. కుడిచెయ్యి కెమెరా మీద ఉంటుంది కాబట్టి కాలి బొటనవేలితో లెక్క.

నాకు స్టేజీ కన్నా స్టేజీ పక్కన ఎక్కువ ఇష్టం. మృదంగం ఆయన చిన్న రాయితో అంచు మీద కొడుతూ, తల ఒకవైపు వంచి శ్రుతి వింటారు చూడండి, ఆ మొహం కచేరీలో మళ్ళీ కనపడదు. గజ్జెలు కట్టించుకుంటున్న పిల్ల అమ్మ భుజం పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం కూడా అంతే. అందుకని ఒక విన్నపం. నన్ను వాయించమని అడగకండి, ఫోటోల పని ఇవ్వండి.

సౌండ్:
అమ్మా, భలే రాశావు. చదువుతూ ఉంటే మా అబ్బాయి వచ్చి "డాడీ, ఎందుకు నవ్వుతున్నావు" అన్నాడు. కానీ చివరి వాక్యం నేను చదవలేదు అనుకో. ప్రార్థన గీతానికి వయొలిన్ వాయిస్తానన్నవాళ్ళకి ఆ రోజు ఊళ్ళో ఉండటం కుదరట్లేదు. ఆరుగురు ఆడపిల్లలు, ఐదున్నర శ్రుతి, మూడు నిమిషాలు. ఆలోచించు.

సీనియర్ ఫోటోగ్రాఫర్:
స్వాగతం చెల్లీ. రెండు ప్రశ్నలు, పరీక్ష అనుకోకు. డాన్స్‌కి షట్టర్ స్పీడ్ ఎంత పెడతావు? నీ దగ్గర లెన్స్ ఏది?

కొత్త వాలంటీర్:
అన్నయ్యా, పరీక్షే అది. డాన్స్‌కి సెకనులో 1/500 వంతు, నెమ్మదైన అభినయానికి 1/250. కూర్చుని పాడేవాళ్ళకి 1/125 చాలు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) 3200 దాకా వెళ్తాను, ఆపైన నా కెమెరాలో ఇసక చల్లినట్టు వస్తుంది. లెన్స్ 50 ఎంఎం, ఎఫ్/1.8 (ఈ అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ వస్తుంది). జూమ్ ఒకటుంది కానీ లాగితే ఎఫ్/5.6కి పోతుంది. దానికీ దీనికీ వెలుతురు దాదాపు పది రెట్లు తేడా, హాల్లో దాన్ని బ్యాగ్‌లోంచి తియ్యను. 50కి జూమ్ లేదు కాబట్టి నేనే ముందుకీ వెనక్కీ నడవాలి.

సీనియర్ ఫోటోగ్రాఫర్:
పాసయ్యావు. కానీ నువ్వు నమ్ముకున్న సైలెంట్ షట్టరే ఈ హాల్లో నిన్ను ముంచుతుంది. స్టేజీ ఎల్‌ఈడీ లైట్లు కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతుంటాయి. మామూలు షట్టర్‌తో అంత ఇబ్బంది ఉండదు. సైలెంట్‌లో సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుకుంటూ వస్తుంది, ఆ మధ్యలో లైటు ఆరి వెలిగితే ఫోటోకి అడ్డంగా చారలు పడతాయి. కంప్యూటర్‌లో దిద్దడం మహా చిరాకు. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్న చోట 1/100, 60 ఉన్న చోట 1/120 దగ్గర పెడితే కొన్ని లైట్లకి సర్దుకుంటుంది, అన్నిటికీ కాదు. రిహార్సల్లో టెస్ట్ చేయాల్సిందే. ఒకసారి ఒక పెళ్ళిలో మూడు వందల ఫోటోలు చారల చారలుగా వచ్చాయి నాకు. ఆ ఇంటికి ఇప్పటికీ వెళ్ళను.

కొత్త వాలంటీర్:
అయ్యో, ఇది తెలియదు అన్నయ్యా. మా గురువుగారింట్లో మామూలు బల్బులు, అందుకే ఎప్పుడూ రాలేదేమో. సరే, ఇలా చేస్తాను. డాన్సులకి మామూలు షట్టర్. మృదంగం, నట్టువాంగం తాళాల మోతలో క్లిక్ ఎవరికి వినపడుతుంది? పాటకి మాత్రం సైలెంట్, 1/100 దగ్గర. చారలు వస్తే ఆలాపన అయ్యేదాకా అసలు తియ్యను, పల్లవి మొదలై మృదంగం అందుకున్నాకే మామూలు షట్టర్‌తో తీస్తాను. సౌండ్ అంకుల్, లైట్లు మీరేనా చూసేది? పాటలప్పుడు ఆ ఊదా, ఎరుపు రంగులు తగ్గించి ముందు నుంచి తెల్ల లైటు ఒకటి ఉంచగలరా? ఎర్ర లైటులో మొహం ముద్దలా వస్తుంది, కళ్ళూ ముక్కూ కలిసిపోతాయి.

సౌండ్:
లైట్లు హాలు వాళ్ళబ్బాయి చూస్తాడు, నేను చెప్తాను. రంగులంటే అతనికి మహా సరదా, కాస్త బతిమాలాలి. వయొలిన్ సంగతి దాటేశావు.

డాన్స్ టీచర్:
నేను ఒక్క మాటే చెప్దామని వచ్చాను. ఫ్లాష్ వద్దు. చిన్నపిల్లలు తలతిప్పు దగ్గర ఫ్లాష్ పడితే అడుగు మర్చిపోతారు, ఇది జరిగింది కాబట్టి చెప్తున్నాను. ఇంకోటి, ఫోటోల్లో మా పిల్లలెప్పుడూ సగం దిగిన చేతులతో ఉంటారు. ఎందుకో ఎవరైనా చెప్పండి.

కొత్త వాలంటీర్:
టీచర్, నాకు తెలిసింది చెప్తాను. భంగిమ కనపడ్డాక బటన్ నొక్కుతారు, అందుకని. కంటికి కనపడి వేలు కదిలేసరికి సెకనులో అయిదో వంతు పోతుంది. ఆపైన కెమెరా తీసుకునే టైమ్. ఈలోపు పిల్ల చెయ్యి దించేస్తుంది. జతి (అడుగుల వరస) చివర తీర్మానం, అంటే ముగింపు ముక్క, మూడుసార్లు వస్తుంది కదా, మూడోది సమం (తాళం మొదటి దెబ్బ) మీద పడుతుందని తెలిస్తే దానికి వెంట్రుకవాసి ముందే నొక్కొచ్చు. మొదటి రెండూ నాకు లెక్కకి, మూడోది ఫోటోకి. వయొలిన్ నేర్చుకున్నందుకు నాకు ఫోటోల్లో దొరికిన లాభం ఇదే, ఇంకేదీ కాదు. మీ ఐటెమ్స్ ఏ తాళాలో చెప్తారా?

డాన్స్ టీచర్:
ఇన్నాళ్ళకి ఒక మనిషి తాళం అడిగింది! చిన్నవాళ్ళది ఆది తాళం. పెద్దవాళ్ళది మిశ్రచాపు (ఏడు లెక్కల తాళం), చివరి జతి కొంచెం తికమకగా ఉంటుంది. రిహార్సల్‌కి రామ్మా, రెండుసార్లు చూస్తే పట్టుకుంటావు.

కొత్త వాలంటీర్:
తప్పకుండా వస్తాను. మిశ్రచాపు దగ్గర నాకు టెన్షనే, ఏడులో ఎప్పుడూ ఆరో దెబ్బకే చప్పట్లు కొట్టేస్తాను.

ఒక పేరెంట్:
తీసినవన్నీ బయట పెట్టేస్తారా? మా పాప ఫోటోలు ఆన్‌లైన్‌లో ఉండటం మాకు ఇష్టం లేదు. ఎవర్నీ ఏమీ అనడం లేదు, ముందుగా చెప్తున్నాను.

కోఆర్డినేటర్:
మంచి మాట అడిగారు. రిజిస్ట్రేషన్ ఫారంలో దానికో గడి పెడుతున్నాం. వద్దన్నవాళ్ళ పిల్లలకి చేతికి పసుపు రిబ్బన్ కడతాం. గ్రూప్ ఫోటోలు తల్లిదండ్రులకి లింక్‌లో మాత్రమే వెళ్తాయి. ఫోటోల పిల్లా, నీకూ ఒక మాట. నీకు పద్దెనిమిది నిండలేదు కాబట్టి స్టేజీ వెనక పిల్లలు తయారయ్యే గదులకి ఒంటరిగా వెళ్ళకు, డాన్స్ టీచర్ గానీ నేను గానీ తోడుండాలి. నీ మీద అనుమానం కాదు, అందరికీ ఇదే పద్ధతి.

కొత్త వాలంటీర్:
సరే ఆంటీ. పసుపు రిబ్బన్ మంచిదే కానీ డాన్స్ పిల్లల కాస్ట్యూమ్స్‌లో పసుపు ఎక్కువ, దూరం నుంచి తేడా తెలియదు. తెల్లది కడితే? గజ్జెలు కట్టే సీన్ కోసం ముందే వాళ్ళమ్మని అడుగుతాను. అడిగాక తీస్తే అందరూ బిగుసుకుపోతారు, కాబట్టి అడిగి, పావుగంట పక్కన కూర్చుని, వాళ్ళు నన్ను మర్చిపోయాక తీస్తాను.

కోఆర్డినేటర్:
తెల్లదే కడదాం.

కొత్త వాలంటీర్ వాళ్ళ అమ్మ:
నేను ఈ గ్రూపులో ఉన్నానని దీనికి గుర్తున్నట్టు లేదు. వాయించమని అడగొద్దంటోంది గానీ, ఇంట్లో రాత్రి పదకొండింటికి తలుపేసుకుని వాయిస్తుంది. కచేరీ సంగతి నాకూ ఇప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి ఎందుకు ముభావంగా ఉందో రెండేళ్ళ తర్వాత అర్థమైంది.

కొత్త వాలంటీర్:
అమ్మా!! ఇక్కడా?

సౌండ్:
అమ్మగారూ, ధన్యవాదాలు. పదకొండింటికి వాయించే మనిషికి సాయంత్రం నాలుగింటికి వాయించడం ఒక లెక్కా?

కొత్త వాలంటీర్:
అంకుల్, భయం ఏమీ లేదు. స్టేజీ ఎక్కితే నాకు ఏమీ కనపడదు, అదీ బాధ. పాడేవాళ్ళ మొహాలన్నీ అటు తిరిగి ఉంటాయి, ఒక్కళ్ళ జడ తప్ప ఏం చూడను. కానీ ఆరుగురు పిల్లలు ఒట్టి తంబురా యాప్ మీద పాడాలంటే అదీ కష్టమే. మూడు నిమిషాలే అంటున్నారు కాబట్టి సరే. ఐదున్నర శ్రుతికి తీగలు ముందురోజే మార్చి పెట్టుకోవాలి, అప్పటికప్పుడు మారిస్తే నిలబడవు. ఆ మూడు నిమిషాలు ఫోటోలెవరు తీస్తారు?

సీనియర్ ఫోటోగ్రాఫర్:
నేను వస్తాను. ముందు వరసలో కుర్చీలో కాదు, నేల మీద కూర్చుంటాను. కింద కూర్చుని వాయించేవాళ్ళని నిలబడి తీస్తే నడినెత్తే వస్తుంది.

కొత్త వాలంటీర్:
థాంక్స్ అన్నయ్యా. తర్వాత పాటలకి మృదంగం ఆయన కూడా ఉన్నారు. ఆయన కుడిచేతివాటమే అయితే గాయకుడికి కుడివైపు కూర్చుంటారు, మృదంగం కుడి ముఖం మన వైపు ఉంటుంది. మనకి ఎడమ నుంచి తీస్తే వేళ్ళన్నీ దొరుకుతాయి. అటుపక్క పూలస్టాండ్ పెట్టొద్దని స్టేజీ వాళ్ళకి చెప్పండి ప్లీజ్. బ్యాటరీలు రెండు, 64 జీబీ కార్డులు రెండు తెస్తాను. నా కెమెరాలో ఒక్కో రా ఫైలు (ముడి ఫోటో) 25 ఎంబీ, కాబట్టి కార్డుకి రెండు వేల అయిదు వందల దాకా పడతాయి. అన్ని తియ్యను, భయపడకండి.

సౌండ్:
రిహార్సల్ గురువారం 6కి. వయొలిన్‌కి క్లిప్ మైక్ ఉందా నీ దగ్గర, స్టాండ్ మైక్ పెట్టమంటావా?

కొత్త వాలంటీర్:
క్లిప్ మైక్ లేదు అంకుల్, స్టాండ్ మైకే. కానీ పొట్టి స్టాండ్ పెట్టండి, పొడుగుది అయితే అన్నయ్య తీసే ఫోటోలో నా మొహానికి అడ్డొస్తుంది.