అప్‌డేట్: ఆమ్లాల దగ్గరే ఆగిపోయిన బ్యుటనాల్ కిణ్వనం ముందుకు సాగింది

క్లాస్ట్రిడియం అసిటోబ్యుటిలికమ్ అనే బ్యాక్టీరియా గ్లూకోజును ఆమ్లాలుగా మార్చాక బ్యుటనాల్ వంటి ద్రావణులవైపు మళ్లకుండా ఎందుకు ఆగిపోతోందని గత నెల అడిగాను. పీహెచ్ తగ్గితేనే ద్రావణుల దశ మొదలవుతుందని చదివి, దాన్ని అదుపు చేయకుండా వదిలేయడమే నా పొరపాటని మీ జవాబుల వల్ల అర్థమైంది.

ఎసిటిక్, బ్యుటిరిక్ ఆమ్లాల పీకేఏ విలువలు (ఆమ్లంలో సగం విఘటనం చెంది అయాన్లుగా విడిపోయే పీహెచ్) సుమారు 4.8 కాబట్టి, నా మాధ్యమంలో పీహెచ్ 4.3కి దిగేసరికి వాటిలో దాదాపు ముప్పాతిక భాగం విఘటనం చెందని రూపంలోనే మిగిలింది. ఆ రూపం కణత్వచాన్ని సులువుగా దాటి లోపల ప్రోటాన్లను వదలడంతో, ఆమ్లాలను తిరిగి తీసుకుని బ్యుటనాల్‌గా మార్చే ఎంజైములు సిద్ధమయ్యేలోపే జీవక్రియ కుంటుపడింది. దీన్నే యాసిడ్ క్రాష్ అంటారు.

ఈసారి పీహెచ్ మరీ పడిపోకుండా, ఆమ్లాన్ని తటస్థీకరించే కాల్షియం కార్బొనేట్‌ను లీటరుకు 5 గ్రాములు కలిపాను. పీహెచ్ 5.0 దగ్గర నిలిచి, ఆమ్లాలు ఖర్చవుతున్నకొద్దీ 5.3కు పెరిగింది, నమూనా తీసినప్పుడు ముక్కిన వెన్న కంపు బాగా తగ్గి, బ్యుటనాల్ ఘాటు తెలిసింది. కాకపోతే, కరగని తెల్లపొడి వల్ల కణాల పెరుగుదలను అంచనా వేసే కాంతి సాంద్రత కొలతలు రెండు రోజులపాటు అర్థం లేకుండా వచ్చాయి. నమూనాను కాసేపు కదపకుండా ఉంచి, పైతేటను కొలవమని ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

బ్యుటనాల్ లీటరుకు 11 గ్రాముల దగ్గర ఆగింది, చక్కెర ఇంకా మిగిలే ఉంది. ఇది ఆమ్లాల తప్పు కాదు. ఆ గాఢతలో బ్యుటనాలే కణత్వచాన్ని సడలిస్తుంది. అందుకే వాయువును పంపి బ్యుటనాల్‌ను ఎప్పటికప్పుడు తొలగించే పద్ధతిని వచ్చే వారం ప్రయత్నిస్తాను.