మోకాళ్ల నొప్పులున్న అమ్మను సింగపూర్ థీమ్ పార్కుకు తీసుకువెళ్లాలా, వద్దా?

కంటోన్మెంట్ నాన్న (విజయనగరం):

అందరికీ నమస్కారం. వారం రోజులుగా మా ఇంట్లో తేలని విషయం ఇది. పెద్దవాళ్లతో, చిన్నపిల్లలతో కలిసి వెళ్లివచ్చినవారు ఇక్కడ ఉంటారన్న ఆశతో రాస్తున్నాను.

వేసవి సెలవుల్లో ఐదు రోజులు సింగపూర్ వెళ్దామనుకున్నాం. అందులో ఒక రోజు పూర్తిగా సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్‌కు. బాబుకు ఏడేళ్లు, పాపకు రెండున్నరేళ్లు. నాలుగేళ్లు కట్టిన చీటీ డబ్బు మూడున్నర లక్షలు చేతికి వచ్చింది కాబట్టి అప్పు చేయనక్కరలేదు.

చిక్కంతా అమ్మ దగ్గర వచ్చింది. ఆమెకు 66 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. బజారుకు వెళ్లివస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. అడిగితే "నాకెందుకురా అవన్నీ, మీరు వెళ్లి రండి" అంటోంది. విశాఖలో ఉన్న మా అన్నయ్య "అమ్మను నా దగ్గర దింపి వెళ్లు, ఆమె టికెట్టు డబ్బు మోకాళ్ల ఆపరేషన్‌కు దాచు" అంటున్నాడు. నా భార్య మొదట "అత్తయ్య లేకపోతే పాపను ఎవరు పట్టుకుంటారు" అంది. అన్న మరుక్షణమే ఆమె ముఖం మారిపోయింది. "ఆయాగా తీసుకువెళ్తున్నామని అత్తయ్య అనుకుంటే ఎలా?" అని రాత్రంతా బాధపడింది.

మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తుంటే ఈ పిల్లల్ని పెంచింది అమ్మే. ఆ చీటీ కట్టగలిగామంటే ఆమె వల్లే. ఆమెను వదిలి వెళ్లడానికి మనసు ఒప్పుకోవడం లేదు, తీసుకువెళ్లి కష్టపెట్టడానికీ ఒప్పుకోవడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

పలాస జీడితోట:

వద్దు తమ్ముడూ. అనుభవించి చెబుతున్నాను.

రెండేళ్ల క్రితం హాంకాంగ్ డిస్నీల్యాండ్‌కు మా నాన్నను తీసుకువెళ్లాం. అప్పటికి ఆయనకు 70. ఉద్దానంలో పుట్టి, జీవితమంతా కొబ్బరితోటలో తిరిగిన మనిషి. నడవగలరు, మీ అమ్మగారికంటే ఆరోగ్యం నయం. అయినా పదకొండు గంటలకే అలిసిపోయారు. పిల్లలు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు పరుగెత్తుతుంటే, మేము పిల్లల వెనుక పరుగెత్తుతుంటే, ఆయన ఒక బెంచీ మీద మా సంచులు పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం వరకూ అదే బెంచీ. సాయంత్రం ఇంకో బెంచీ. రాత్రి బాణసంచా చూడాలని పిల్లలు పట్టుబట్టడంతో గంటసేపు జనంలో నిలబడ్డారు.

గదికి వచ్చాక చెప్పులు విప్పుతూ ఒకే మాట అడిగారు: "రేపు కూడా అక్కడికేనా?"

తిరిగి వచ్చి ఫోటోలు చూసుకుంటే మూడువందలకు పైగా ఉన్నాయి. నాన్న ఉన్నవి నాలుగు. రెండింటిలో సంచుల వెనుక ఉన్నారు. ఇప్పటికీ ఆ ఫోటోలు చూడలేను. ఆ డబ్బుతో ఆయన ఎన్నేళ్లుగానో అడుగుతున్న కాశీకి తీసుకువెళ్లి ఉంటే ఎంత బాగుండేది. మీ అన్నయ్యగారు చెప్పింది నిజమే. ఆమె సుఖం ఆలోచించండి, మీ మనశ్శాంతి కోసం ఆమె మోకాళ్లను అరగదీయవద్దు.

బొబ్బిలి టీచరమ్మ:

జీడితోట గారూ, మీ నాన్నగారి మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒక విషయంలో మీతో విభేదిస్తాను. ఆయన్ను తీసుకువెళ్లడం తప్పు కాదండీ. పిల్లల వేగంతో ఆయన్ను నడిపించడం తప్పు.

మా అమ్మకు 71. మోకాళ్లు, బీపీ, రెండూ ఉన్నాయి. కిందటి డిసెంబరులో ఆమెతో సింగపూర్ వెళ్లివచ్చాం. మాదీ ఇదే కుటుంబం అనుకోండి, ఇద్దరు పిల్లలు, ఒక అమ్మమ్మ. మేము చేసింది వివరంగా చెబుతాను.

విశాఖ నుంచి సింగపూర్‌కు నేరుగా విమానం ఉంది, ప్రయాణం సుమారు నాలుగు గంటలు. విజయనగరం నుంచి తిరుపతి రైలులో కూర్చున్నంత కష్టం కూడా కాదు. చవక విమానం కాబట్టి భోజనం, పెద్ద పెట్టె విడిగా కొనుక్కోవాలి. టికెట్టు కొన్న రోజే విమాన సంస్థకు వీల్‌చైర్ సహాయం కావాలని చెప్పాం. కనీసం రెండు రోజుల ముందు చెప్పకపోతే కష్టం. విశాఖలో దిగబెట్టిన దగ్గర నుంచి సీటు వరకూ ఒక మనిషి తోడు ఉన్నాడు. అక్కడ దిగాక కూడా అంతే.

మొదటి రోజు ఎక్కడికీ పోలేదు. చాంగీ విమానాశ్రయాన్ని ఆనుకుని జ్యూయెల్ అనే భవనం ఉంది. దాని నడిమధ్య కప్పులోంచి 40 మీటర్ల ఎత్తు నుంచి నీళ్లు పడతాయి. చూడటానికి డబ్బు కట్టనక్కరలేదు. పిల్లలు కేకలు వేశారు. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కుర్చీలోంచి మెల్లగా లేచి నిలబడి, రెండు చేతులూ జోడించి "గంగమ్మ తల్లీ" అంది. పక్కన ఉన్న విదేశీ దంపతులు ఆమెనే చూస్తూ ఉండిపోయారు. ఆ ఒక్క క్షణం కోసం ఇంకో చీటీ వేయమన్నా వేస్తాను.

పార్కు రోజు మా ఏర్పాటు ఇది. తలుపులు తెరిచే వేళకు అక్కడ ఉన్నాం. వీల్‌చైర్ అక్కడే అద్దెకు దొరుకుతుంది. ఎండ తక్కువగా ఉన్నప్పుడు వీధులన్నీ చుట్టి చూపించాం. నీళ్ల మీద జరిగే సాహసాల ప్రదర్శన ఒకటి ఉంది, గ్యాలరీలో కూర్చుని చూడవచ్చు, అది ఆమెకు బాగా నచ్చింది. మధ్యాహ్నం భోజనం కాగానే నేను అమ్మను, చిన్నదాన్ని తీసుకుని గదికి వచ్చేశాను. మావారు పెద్దవాడితో సాయంత్రం వరకూ ఉన్నారు. ఆ పార్కు మొత్తం 49 ఎకరాలు. మన ఊరి లెక్కలో ఒక మోతుబరి భూమి, అంతే. మూడు నాలుగు గంటల్లో పెద్దవాళ్లు చూడగలిగింది చూసేయవచ్చు. టికెట్టు డబ్బు దండగైందని నాకు అనిపించలేదు.

సింగపూర్ దాదాపు భూమధ్యరేఖ మీద ఉంది, ఏడాది పొడుగునా ఉక్కపోత, ఎప్పుడైనా వాన. పిడుగుల హెచ్చరిక వస్తే బయటి రైడ్లు ఆపేస్తారు. అందుకని ఉదయాన్నే ముగించుకోవడం ఎవరికైనా మంచిదే.

ఇక కంటోన్మెంట్ నాన్న గారూ, "నాకెందుకురా" అన్న మాటను మీరు వద్దనడంగా తీసుకున్నారు. మన అమ్మలు ఆ మాట అన్నప్పుడు దాని వెనుక ఇంకొకటి ఉంటుంది: "ఖర్చు". కొత్త చీర కొంటామన్నా అదే మాట, కళ్లజోడు మార్పిస్తామన్నా అదే మాట. అందరి ముందూ అడగకండి. ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి.

మీ భార్య బాధ కూడా నాకు అర్థమైంది. దానికి మాటలతో పరిష్కారం లేదు. అక్కడ ఉన్న ఐదు రోజులూ పాపను మీరు ఎత్తుకోండి.

రాజాం రైతుబిడ్డ:

అమ్మను తీసుకువెళ్లాలా వద్దా అని అందరూ అడుగుతున్నారు. అసలు ఇంట్లో ఎవరైనా ఎందుకు వెళ్లాలో ఎవరూ అడగడం లేదు.

మూడున్నర లక్షలు! రెండున్నరేళ్ల పాపకు ఆ ప్రయాణం గుర్తుండదు. ఏడేళ్ల వాడికి ఒక రోజు రైడ్లు గుర్తుంటాయి. అమ్మగారికి మోకాళ్లు నొప్పి. ముందు ఆ మోకాళ్లు బాగుచేయించండి. పిల్లలకు చూపించడానికి మన దగ్గర ఏమీ లేదా? తేలినీలాపురంలో చింతచెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుకుంటుంటే ఎన్ని ఇళ్లవాళ్లు తీసుకువెళ్లి చూపించారు? కళింగపట్నంలో దీపస్తంభం, శ్రీకూర్మంలో కోనేరు, తాబేళ్లు, విశాఖలో జలాంతర్గామి లోపలికి దూరి చూసే మ్యూజియం. ఇవన్నీ కలిపి చూసినా పదివేలు కావు. ఆ విదేశీ పార్కుల్లో ఉన్నవన్నీ వాళ్ల కథలు, వాళ్ల బొమ్మలు. మన పిల్లవాడికి మన తప్పెటగుళ్ల ఆటపాట తెలియకుండా అవి తెలిస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

కంటోన్మెంట్ నాన్న:

రైతుబిడ్డ గారూ, మీ మాటలో బాధ నాకు తెలుసు. తేలినీలాపురం కిందటి జనవరిలో వెళ్లాం, జలాంతర్గామి రెండుసార్లు చూశాం. మా వాడికి తప్పెటగుళ్లు తెలుసు. అమ్మ వాడిని భుజం మీద ఎక్కించుకుని, దసరా తర్వాత మా ఊళ్లో జరిగే పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూపించిన రోజులున్నాయి, అప్పటికి మోకాళ్లు ఇంత పాడవలేదు. ఇది తెలిస్తే అది మరిచిపోతాడని నేను అనుకోను.

ఆపరేషన్ సంగతి: వైద్యుడు ఇంకా రెండు మూడేళ్లు ఆగవచ్చని, బరువు తగ్గి వ్యాయామం చేయమని చెప్పారు. దానికి డబ్బు విడిగా ఉంది. మా అన్నయ్యకూ ఇదే చెప్పాను.

అరసవల్లి:

నిర్ణయం మీ ఇష్టం, నేను కాగితాల గురించి, కొలతల గురించి మాత్రం చెబుతాను. ఇవి చూసుకోకుండా టికెట్లు కొని ఏడ్చినవాళ్లను చూశాను.

ముందు బాబు ఎత్తు కొలవండి. అక్కడ వయసు చూడరు, ఎత్తు చూస్తారు. ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కు 102 సెంటీమీటర్లు చాలు. ఈజిప్టు మమ్మీ రైడ్‌కు 122 ఉండాలి. ఎదురెదురుగా పోయే జంట రోలర్‌కోస్టర్‌కు 125. ఒక్క సెంటీమీటరు తక్కువైనా వెనక్కి పంపుతారు, బతిమాలినా వినరు. గంట వరుసలో నిలబడ్డాక ఆ మాట వినడం పిల్లవాడికి పెద్ద అవమానం. ఇంటి దగ్గరే చెప్పి తీసుకువెళ్లండి.

పాపను ఎవరు పట్టుకోవాలన్న దిగులు వద్దు. తల్లిదండ్రుల్లో ఒకరు రైడ్ ఎక్కితే రెండోవారు పాపతో బయట ఉండి, తర్వాత మళ్లీ మొత్తం వరుస కట్టకుండా మారిపోయే వీలు ఉంది. సిబ్బందిని అడగండి. నాలుగేళ్లలోపు పిల్లలకు పార్కు టికెట్టు లేదు, కానీ రెండేళ్లు దాటింది కాబట్టి విమానంలో సీటు కొనాలి.

పాస్‌పోర్టులు: పిల్లలవి ఐదేళ్ల గడువుతోనే ఇస్తారు. మీ పాప 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటే జనన ధ్రువపత్రం తప్ప ఇంకేదీ పుట్టిన తేదీకి రుజువుగా చెల్లదు. అందరి పాస్‌పోర్టులకూ ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. మనకు సింగపూర్ వీసా ముందే తీసుకోవాలి, రుసుము మనిషికి 30 సింగపూర్ డాలర్లు, ఏజెంటు కమీషను వేరు. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి, అది ఉచితం. డబ్బు అడిగే సైట్లు మోసం.

అమ్మగారి మందులకు వైద్యుడి చీటీ తప్పనిసరిగా పెట్టుకోండి. అన్నిటికంటే ముందు ఆమె ఆధార్‌లో ఇంటిపేరు ఎలా ఉందో చూడండి. మన పల్లెల్లో పెద్దవాళ్ల కాగితాల్లో ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. ప్రయాణాలు ఆగేది అక్కడే.

పలాస జీడితోట:

టీచరమ్మ గారూ, మీరు చెప్పినది కాదనలేను. మధ్యాహ్నం నాన్నను గదికి తీసుకువచ్చేయాలన్న ఆలోచనే మాకు రాలేదు. టికెట్టు కొన్నాం కాబట్టి రాత్రి దాకా ఉండాలనుకున్నాం. ఆ తప్పు నాదే.

కానీ ఒకటి అడుగుతాను. వీల్‌చైర్‌లో కూర్చోవడానికి మీ అమ్మగారు ఎలా ఒప్పుకున్నారు? మా నాన్నకు అక్కడ వీల్‌చైర్ అడుగుదామంటే "నేను ఇంకా నడుస్తున్నానురా" అన్నారు. నలుగురిలో అందులో కూర్చోవడం ఆయనకు చావుతో సమానం. అలాంటి మనిషిని ఏం చేయాలి? ఈ విషయంలో నా అభిప్రాయం ఇంకా మారలేదు.

బొబ్బిలి టీచరమ్మ:

మా అమ్మా ఒప్పుకోలేదండీ. అద్దెకు తీసుకుని మా చిన్నదాన్ని అందులో కూర్చోబెట్టాం, అమ్మ దాన్ని తోసింది. తోస్తుంటే చేతికి ఊతం దొరికింది. గంట తర్వాత "దీన్ని కాస్త ఎత్తుకో, నేను కూర్చుంటాను" అని తనే అంది. ఆ తర్వాత మనవరాలిని ఒళ్లో పెట్టుకుని మహారాణిలా తిరిగింది.

మీ నాన్నగారు ఆ చక్రాల కుర్చీ తోస్తారేమో అడిగి చూడండి.

కంటోన్మెంట్ నాన్న:

నిన్న రాత్రి అమ్మను ఒంటరిగా అడిగాను. కరెంటు పోయింది, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. డబ్బు సంగతి ముందే చెప్పేశాను, ఆపరేషన్ డబ్బు కదలదని కూడా చెప్పాను. చాలాసేపు విసనకర్ర విసురుకుంటూ ఊరుకుంది. తర్వాత అడిగిన మొదటి మాట: "అక్కడ కూర్చోవడానికి చోటు ఉంటుందా?" ఉంటుందన్నాను. మధ్యాహ్నానికి గదికి వచ్చేద్దామన్నాను. ఇంకాసేపటికి రెండో మాట: "విమానంలో కిటికీ పక్కన ఇస్తారా?"

మా అన్నయ్య ఇంకా కోపంగానే ఉన్నాడు. ఆదివారం వస్తానన్నాడు, వచ్చాక కూర్చుని మాట్లాడతాను.

ఈ ఉదయం బాబును తలుపు చట్రానికి ఆనించి పెన్సిలుతో గీత గీశాం. 119. 122 దగ్గర ఇంకో గీత గీయమన్నాడు. గీశాను. ఈసారి ఆ రైడ్ లేదని చెప్పాను, కాసేపు ముఖం ముడుచుకుని ఆడుకోవడానికి పోయాడు.

అరసవల్లి గారూ, మీరన్నట్టే అయింది. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ఒకలా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఒక అక్షరం తేడా ఉంది. సోమవారం ఆధార్ కేంద్రానికి తీసుకువెళ్తున్నాను. పాస్‌పోర్టు మేలోపు రాకపోతే ప్రయాణం సంక్రాంతి సెలవులకు జరుపుతాం, దసరాకు మాత్రం వద్దు, సిరిమాను వదిలి అమ్మ ఎక్కడికీ రాదు.

ఇంకొక్క సందేహం. వీల్‌చైర్ సహాయం అడిగినవారికి కిటికీ సీటు ఇస్తారా, లేక నడవా పక్కనే కూర్చోవాలంటారా? తెలిసినవారు చెప్పండి.