షెవెల్ ఎస్ఎస్396: మన్సీ ఫోర్-స్పీడ్ ఉంచాలా, ఓవర్‌డ్రైవ్ వేయాలా?

ఫ్రిస్కో షెవెల్:
అందరికీ నమస్తే. నా దగ్గర 1970 షెవెల్ ఎస్ఎస్396 (షెవర్లే వాళ్ల మజిల్ కారు) ఉంది. మన్సీ ఎం21 ఫోర్-స్పీడ్ మాన్యువల్ గేర్‌బాక్స్, హర్స్ట్ షిఫ్టర్ (గేర్ రాడ్), వెనక 12-బోల్ట్ యాక్సిల్. యాక్సిల్ రేషియో (చక్రం ఒక చుట్టుకి డ్రైవ్‌షాఫ్ట్ తిరిగే చుట్లు) 4.10 అని అమ్మినాయన చెప్పాడు. ఊళ్లో తిరుగుతుంటే పండగే, ఫ్రీవే ఎక్కితేనే ఏడుపు. 26 అంగుళాల టైర్లతో 70 మైళ్ల మీద టాకోమీటర్ 3,400 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ చుట్లు) చూపిస్తోంది. పక్కన కూర్చున్న మా ఆవిడతో మాట్లాడాలంటే అరవాలి. డాలస్ నుంచి ఆస్టిన్ దాకా ఈ మోతతో వెళ్లడం నా వల్ల కాదు. ట్రెమెక్ టీకేఎక్స్ ఫైవ్-స్పీడ్ వేయిద్దామని ఉంది; దాని ఐదో గేరు ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగంలో ఇంజిన్ తక్కువ తిరుగుతుంది. వేస్తే కారు విలువ పోతుందని ఒకాయన, వేయకపోతే కారు మూలన పడుతుందని ఇంకొకాయన. మీరేమంటారు?

పాత సామాను:
వేయొద్దు. బాక్స్ పక్కన కొట్టిన నంబరు మీ కారు నంబరుతో కలిసిందా, లేదా? కలిస్తే అది కారుతో వచ్చిన బాక్సే, దాన్ని ముట్టుకోకండి. 1970లో జనం ఇవే కార్లలో, ఇదే మోతతో ఊళ్లు తిరగలేదా?

క్లచ్చే ముద్దు:
తిరగలేదు సార్. ఎస్ఎస్396 కొన్నవాళ్లలో చాలామంది మామూలు 3.31తోనే తీసుకెళ్లారు. 4.10 కావాలని ప్రత్యేకంగా రాయించుకున్నవాడికి శనివారం రాత్రి డ్రాగ్ స్ట్రిప్ ఉంది. మనకేముంది? కాస్ట్‌కో పార్కింగ్. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, అందరికీ 4.10, అందరికీ ఎం21 లాంటి క్లోజ్ రేషియో (గేర్ల మధ్య తేడా తక్కువున్న) బాక్స్! ఓవర్‌డ్రైవ్ వేసేయండి, పాత బాక్స్‌ను నూనె రాసి గ్యారేజీలో దాచండి. అమ్మేటప్పుడు బాక్స్ కూడా ఇస్తే విలువెక్కడికి పోతుంది?

మోపార్ మామ:
మీరంతా గేర్ రాడ్ పట్టుకుని వేలాడుతున్నారు గానీ, నా 1969 ప్లిమత్ రోడ్ రన్నర్‌లో 383 ఇంజిన్, 727 టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్, 3.23 యాక్సిల్. 70 మీద 2,900. ఒకటో గేరు 2.45 మాత్రమే, కానీ కదిలే క్షణంలో టార్క్ కన్వర్టర్ ఇంజిన్ లాగుడును దాదాపు రెట్టింపు చేస్తుంది. అందుకే పొడుగు (రేషియో అంకె చిన్నదైన) యాక్సిల్ పెట్టుకున్నా లేవడంలో లోటుండదు. డ్రాగ్ రేసుల్లో ఆటోమేటిక్‌లకు వేరే క్లాసులు ఊరికే పెట్టారా? 1970లో 454 ఎల్ఎస్6 ఇంజిన్ షెవెల్‌ని కూడా ఎం22 ఫోర్-స్పీడ్‌తో పాటు టర్బో 400 ఆటోమేటిక్‌తోనూ అమ్మారు. అది వేయించుకున్నవాళ్లంతా చేతకానివాళ్లా? ట్రాఫిక్‌లో నా ఎడమ కాలు హాయిగా ఉంటుంది బాబూ.

క్లచ్చే ముద్దు:
మామా, ఎడమ కాలికి పని లేకపోతే అది మజిల్ కారు ఎందుకవుతుంది? అడిగింది ఫోర్-స్పీడ్ ఉన్నాయన. ఆయన్ని దారి తప్పించకు.

లెక్కల మాస్టారు:
ఫ్రిస్కో తమ్ముడూ, నువ్వు రాసిన రెండు అంకెలు ఒకదానితో ఒకటి పొసగడం లేదు. మైళ్ల వేగాన్ని యాక్సిల్ రేషియోతో, 336తో గుణించి, టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే టాప్ గేరులో ఆర్‌పీఎం వస్తుంది. 4.10 అయితే 70 మీద 3,700 రావాలి. నీకు 3,400 వస్తోందంటే అది 3.73 లెక్క. వెనక రెండు చక్రాలూ పైకెత్తి స్టాండ్ల మీద పెట్టు, న్యూట్రల్‌లో ఉంచు, డ్రైవ్‌షాఫ్ట్ మీద సుద్దగీత గీయి. పోజిట్రాక్షన్ (వెనక రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్) ఉంటే చక్రం ఒక్క చుట్టు తిప్పితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నీ రేషియో. కవర్ విప్పితే రింగ్ గేరు మీద పళ్ల లెక్క కూడా కనపడుతుంది: 41-10 అయితే 4.10, 41-11 అయితే 3.73. ఈ తేడాతో ఖర్చు కూడా మారుతుంది. 12-బోల్ట్‌లో 3.31 నుంచి 3.73 దాకా ఒక క్యారియర్ (రింగ్ గేరును మోసే భాగం), 4.10 నుంచి ఇంకో క్యారియర్. 4.10 తీసి 3.31 పెట్టాలంటే పళ్లతో పాటు క్యారియర్ కూడా కొనాలి.

ఇక ఎం21 భక్తి సంగతి. దాని గేర్లు 2.20, 1.64, 1.28, 1.00. మన్సీదే ఇంకో ఫోర్-స్పీడ్ ఎం20వి 2.52, 1.88, 1.46, 1.00. ఎం21లో గేరు మారిస్తే ఆర్‌పీఎం తక్కువ పడుతుందని అందరూ అంటారు. భాగించి చూడండి. 6,000 దగ్గర ఒకటి నుంచి రెండుకి మారిస్తే రెండు బాక్సుల్లోనూ 4,500 దగ్గరే పడుతుంది. రెండు నుంచి మూడుకీ దాదాపు అంతే. తేడా అంతా మూడు నుంచి నాలుగుకే: ఎం21లో 4,700, ఎం20లో 4,100. మరి 6,000 మీద మూడో గేరు వదిలేసరికి కారెంత వేగంలో ఉంటుంది? ఎం20కి 3.31 పెట్టినా, ఎం21కి 3.73 పెట్టినా 96, 97 మైళ్లు. అంటే క్వార్టర్ మైలు డ్రాగ్ రేసు చివర్లో ఒక్క షిఫ్ట్ కోసం రోజూ ఫ్రీవే మీద చెవులు పోగొట్టుకుంటున్నాం.

ఒకటో గేరును యాక్సిల్‌తో గుణిస్తే కదిలే బలం తెలుస్తుంది. నీ ఎం21, 3.73తో 8.2. ఎం20, 3.31తో 8.3. రెండోది కాస్త బలంగానే లేస్తుంది, 70 మీద మాత్రం 3,000కే ఉంటుంది. పైగా రెండూ 1970లో ఫ్యాక్టరీ ఇచ్చినవే. గేర్‌బాక్స్ మారుద్దామా అని అడిగేవాళ్లు ముందు యాక్సిల్ ఏముందో చూసుకోవాలని నేను మొత్తుకునేది ఇందుకే.

క్లచ్చే ముద్దు:
400 తగ్గితే ఏమొచ్చింది మాస్టారూ? టీకేఎక్స్‌లో ఒకటో గేరు 2.87, ఐదోది 0.68 ఉన్న రకం తీసుకుంటే 3.73 కదపకుండానే 70 మీద 2,300. అప్పుడు పక్క మనిషితో మాట్లాడొచ్చు.

లెక్కల మాస్టారు:
నిజమే, దూరాలు తిరిగేవాడికి దానికి సాటి లేదు. కాకపోతే 2.87ని 3.73తో గుణించు: 10.7. 396 లాగుడుకి ఒకటో గేరులో టైరు పొగ తప్ప ఏమీ మిగలదు. ఐదో గేరు కోసం 3.73 ఉంచితే ఒకటో గేరు మరీ పొట్టి, ఒకటో గేరు కోసం 3.31 పెడితే 70 మీద 2,050కి దిగుతుంది. కామ్ (ఇంజిన్ వాల్వులు తెరిచే షాఫ్ట్) ఒరిజినల్‌దైతే సరే, పెద్ద కామ్ ఉంటే ఆ ఆర్‌పీఎంలో ఇంజిన్ కుదుపుతుంది.

మోపార్ మామ:
700ఆర్4 ఆటోమేటిక్ వేస్తే ఈ గోలంతా ఉండదుగా. ఓవర్‌డ్రైవ్ 0.70.

లెక్కల మాస్టారు:
మామా, అందులో ఒకటి 3.06, రెండు 1.63. 5,500 దగ్గర మారిస్తే 2,900కి పడిపోతుంది. మీ 727లో 3,250 దగ్గర ఆగుతుంది. పైగా థ్రాటిల్ దగ్గరి టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగ్గా పెట్టకపోతే బాక్స్ కాలిపోతుంది.

పాత సామాను:
గేర్ వెండర్స్ వాళ్ల ఓవర్‌డ్రైవ్ యూనిట్ ఎవరూ ఎత్తలేదేం? మన్సీ వెనక తగిలిస్తే 0.78 ఓవర్‌డ్రైవ్. 3.73 యాక్సిల్ 2.9లా పనిచేస్తుంది, 70 మీద 2,600. డ్రైవ్‌షాఫ్ట్ పొట్టి చేయించాలి, ధర మంటే. కానీ నంబరున్న బాక్స్ కారులోనే ఉంటుంది.

ఫ్రిస్కో షెవెల్:
మాస్టారు గారూ, చక్రాలెత్తి తిప్పాను. సుద్దగీత మూడు చుట్లు తిరిగి, నాలుగోది ముప్పావు దగ్గర ఆగింది. 3.73 అన్నమాట. బాక్స్ మీద నంబరు కూడా చూశాను, కారుతో కలవలేదు. అంటే ఇదివరకే ఎవరో మార్చారు, ఇక నాకు ఆ బెంగ లేదు. ఏడాదికి ఆస్టిన్ రెండుసార్లు, మిగతాదంతా ఊళ్లోనే. ముందు ఎం20, 3.31 వేసి చూద్దామనుకుంటున్నా. ఎం20 ఎవరి దగ్గరైనా ఉందా?

పాత సామాను:
కొనేముందు ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ల మీద చుట్టూ గీతలుంటాయి, చూసుకోండి. రెండుంటే ఎం20, ఒకటుంటే ఎం21, అసలు లేకపోతే ఎం22. లోపల గేర్లు మార్చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు కాబట్టి ఒకటో గేరులో పెట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ చేత్తో తిప్పండి. రెండున్నర చుట్లకు వెనక షాఫ్ట్ ఒక చుట్టు తిరిగితేనే డబ్బులివ్వండి. 3.31 వేశాక స్పీడోమీటర్ గేరు కూడా మార్చడం మరిచిపోకండి, లేకపోతే అది ఉన్నదానికంటే తక్కువ వేగం చూపిస్తుంది, టికెట్ మీకొస్తుంది.