లంకావి ఫుల్ ఐరన్‌మ్యాన్: హైదరాబాద్ ఎండ అలవాటు సరిపోతుందా?

మూసీ రైడర్:
నవంబర్‌లో మలేషియా లంకావిలో ఫుల్ ఐరన్‌మ్యాన్ పోటీకి పేరిచ్చిన. 3.8 కిలోమీటర్ల ఈత, 180 సైకిల్, 42.2 పరుగు, 17 గంటల కటాఫ్. మే నెలంతా 40 డిగ్రీల ఎండల ఉరికిన. అక్కడ 32 దాటదంటున్నరు. ఇంక ఎండ ప్రాక్టీసు ఆపి, గుట్టలెక్కుడు మీదనే పడదామనుకుంటున్న. మీరేమంటరు?

భీమిలి ఈతగాడు:
ఆపొద్దు బ్రదర్. మీ దగ్గర మేలో చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడేది చెమట కారితే కాదు, ఆరితే. లంకావిలో గాలే తడి. నేను చేసిన ఏడాది పరుగు మూడో కిలోమీటరుకే బూట్లలో నీళ్లు పచపచమన్నాయి, పదోదానికి అరికాళ్లు నాని తెల్లగా ముడుచుకుపోయాయి. సముద్రం కూడా వెచ్చనే, వెట్‌సూట్ (చల్లని నీళ్లలో ఈతకు వేసుకునే రబ్బరు సూటు) ఆశ పెట్టుకోకండి. విశాఖ వచ్చి రెండు వారాలు ఉక్కలో పరుగెత్తండి, అర్థమవుతుంది.

గండిపేట అక్క:
హైదరాబాద్ ఎండ వృథా అంటే ఒప్పుకోను. పొడి వేడైనా సరే, 10-14 రోజులు అందులో కష్టపడితే రక్తంలో ప్లాస్మా, అంటే ద్రవ భాగం, పెరుగుతుంది, చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. అసలు చిక్కు వేరే ఉంది తమ్ముడూ. ఆ అలవాటు కొన్ని వారాల్లోనే కరిగిపోతుంది. మేలో సంపాదించింది నవంబర్ దాకా నిలవదు. అక్టోబర్ చివర్లో కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా నిలబెట్టే స్టాండు మీద తొక్కు. ఇంట్లో ఎవరైనా ఉన్నప్పుడే సుమా, తల తిరిగితే వెంటనే దిగిపో.

భీమిలి ఈతగాడు:
మే సంగతి నాకు తట్టలేదు, మీరన్నది నిజం మేడమ్. కానీ తడి గాలిలో మామూలు వేగం పట్టుకుంటే మాత్రం మునిగిపోతారు. దారిలో నీళ్లూ ఐసూ ఇచ్చే ఎయిడ్ స్టేషన్ వచ్చిన ప్రతిసారీ నడవండి, టోపీలో ఐస్ వేసుకోండి. భయంతో ఉత్త నీళ్లు కడుపునిండా తాగేయకండి. రక్తంలో సోడియం పడిపోతే అది ప్రాణం మీదికొస్తుంది. గంట ప్రాక్టీసుకు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. పెరిగారంటే ఎక్కువ తాగినట్టే.

మూసీ రైడర్:
పొద్దుగాల ఫ్యాన్ బంద్ చేసి గంట తొక్కిన అన్నా. అర లీటరు తాగినా, దిగినంక కిలోంబావు తగ్గిన. సైకిల్ కింద బట్ట పిండితే నీళ్లు కారినయ్. అక్టోబర్‌ల విశాఖ వస్త, సముద్రంల ఈతకు తోడొస్తవా?