అప్‌డేట్: కొత్త ల్యాప్‌టాప్ కొనలేదు, పాతదే బాగు చేయించాను

బీటెక్ రెండో ఏడాదిలోనే కొత్త ల్యాప్‌టాప్ కొనాలా, ఆగాలా అని పోయిన నెల ఇక్కడ అడిగాను కదా. ఆగాను. హన్మకొండ చౌరస్తా దగ్గర షాపులో హార్డ్‌డిస్క్ తీయించి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించాను, ర్యామ్ 4 నుంచి 8 జీబీ చేయించాను. ఆన్ కావడానికి మూడు నిమిషాలు పట్టేది, ఇప్పుడు అర నిమిషం చాలు! అప్పుడు బ్యాటరీ కూడా చూపించమన్న అన్నకు చాలా థ్యాంక్స్. నిజంగానే ఉబ్బింది, వెంటనే మార్పించాను.

ఒక్కటే టెన్షన్ ఉండేది. నాది ఆరో తరం ఐ3 ప్రాసెసర్, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. అందుకే విండోస్ బదులు ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాను, కోడింగ్‌కు హాయిగా ఉంది.

పత్తి అమ్మిన పైసలు ఇస్తానన్నాడు బాపు. వద్దన్నాను. మూడో ఏడాది ప్రాజెక్టు ఏదో తేలాక కొంటాను.