ఆస్తితో పాటే పనులూ పంచాలా?

ఉద్దానం చిన్నోడు:
మాది కవిటి వైపు. నాన్న వీలునామా రాయకుండా పోయారు. అన్నయ్య, అక్క, నేను పంపకాలకు కూర్చున్నాం. కొబ్బరి తోట, జీడి తోట, వరి పొలం, తలా ఎకరా. ముక్కలు చేయొద్దు, ఒక్కొక్కరు ఒక్కటే తీసుకోండన్నారు పెద్దమనుషులు. కానీ 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా కొబ్బరి చెట్లు సగం పైగా పడిపోయాయి. తిరిగి నాటినవి ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి. ఎకరాకి ఎకరా ఎలా సమానం? పనులు వేరే ఉన్నాయి: అమ్మను ఆసుపత్రికి తిప్పడం, నాన్న తద్దినం ఖర్చు, పాత ఇంటి మరమ్మతులు. ఆస్తి ఇప్పుడు పంచేసి పనుల సంగతి తరవాత చూద్దామంటాడు హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య.

నాగావళి ఒడ్డు:
అమ్మను చూడ్డం కూడా వాటాలో వేస్తారేటి? అది కూలి పని కాదు బాబూ. మా వైపు పెద్దోడు వాటాలు వేస్తాడు, చిన్నోడు ముందు కోరుకుంటాడు. అంతే.

లెక్కల మాస్టారు, బొబ్బిలి:
ఇద్దరైతే అది మంచి పద్ధతే. ముగ్గురైతే నడిమి వాళ్ళకి దెబ్బ: వాటాలు వేసేదీ వాళ్ళు కాదు, ముందు కోరుకునేదీ వాళ్ళు కాదు.
తమ్ముడూ, ఇలా చెయ్యండి. ముందు పనులు కోరుకోండి: అన్న, అక్క, నువ్వు. తరవాత ఆస్తి, వరస తిరగేసి: నువ్వు, అక్క, అన్న. పనిలో చివర మిగిలినవాడికి ఆస్తిలో మొదటి ఎంపిక. ఎవరికైనా పక్కవాడి మీద అసూయ మిగిలినా, పక్కవాడి ఆస్తి ఒకటో తన పని ఒకటో లెక్కలోంచి తీసేస్తే పోతుంది. ఇది గణితంలో రుజువైన సంగతే. తలా ఒకటి అన్న షరతూ నిలుస్తుంది. పనులు తరవాత అంటే మాత్రం ఈ వరస పనికిరాదు.

ఉద్దానం చిన్నోడు:
మాస్టారూ, హైదరాబాద్‌లో ఉండి అన్నయ్య ఆసుపత్రి పని ఎలా కోరుకుంటాడు?

లెక్కల మాస్టారు, బొబ్బిలి:
చిక్కంతా అక్కడే. ఒకరు కోరుకోలేని పని ఉంటే పైన చెప్పిన హామీ నిలవదు. డబ్బుతో సరిచేయాలి. ఎంతంటే, అన్నయ్యనే అడుగు: నెలకి ఎంతిస్తే ఉద్యోగం మానుకుని వచ్చి తిప్పుతావని.

టెక్కలి వదిన:
ముగ్గురంటున్నారు, అమ్మ వాటా ఏదీ? 1956 హిందూ వారసత్వ చట్టంలో వీలునామా లేకపోతే భార్యకూ పిల్లలతో సమానంగా వాటా ఉంది. మీరు నలుగురు.

ఉద్దానం చిన్నోడు:
వదినా, నిజం చెప్పాలంటే అమ్మను ఎవరం అడగలేదు. ఆదివారం అన్నయ్య వస్తున్నాడు. మళ్ళీ మొదటి నుంచి కూర్చోవాలి.

నాగావళి ఒడ్డు:
అమ్మ వాటా న్యాయమే. ఆసుపత్రికి నెల లెక్క కట్టడం మాత్రం ఇప్పటికీ నాకు నచ్చలేదు.