గుట్ట అడ్డమొస్తే సిగ్నల్ ఎట్టా? తెలిసినోళ్లు చెప్పండన్నా

అన్నా, మాది ఉదయగిరి, మార్స్ మీద ఎగిరిన ఇంజెన్యూయిటీ హెలికాప్టర్ రేడియో ఎట్టా పనిచేసిందో మా స్కూలు పిల్లోళ్లకి చేసి చూపించాలని ఉంది. అది 900 మెగాహెర్ట్జ్ దగ్గర జిగ్బీ అనే తక్కువ పవర్ రేడియోతో, నేల మీద తిరిగే పర్సెవరెన్స్ రోవర్‌కి చెప్పేది, రోవర్ నించి మార్స్ చుట్టూ తిరిగే ఆర్బిటర్ల ద్వారా భూమికొచ్చేది కదా, 2023 ఏప్రిల్ 26న 52వ సారి ఎగిరి దిగేటప్పుడు మధ్యలో గుట్ట అడ్డమొచ్చి జూన్ 28 దాకా అసలు కాంటాక్టే లేదు, పాపం ఆ టీమ్ వాళ్లు ఎంత అల్లాడిపోయుంటారో. మేం 865 మెగాహెర్ట్జ్ లోరా (తక్కువ పవర్‌తో దూరం పోయే రేడియో) మాడ్యూల్స్ రెండు పెట్టాం, మైదానంలో బ్రహ్మాండంగా వస్తోంది, కొండ మలుపు తిరిగితే ఒక్క ప్యాకెట్ కూడా రాదు. యాంటెనాని వెదురు గడకి కట్టి పైకి లేపితే చాలా, లేకపోతే గుట్ట మీద ఇంకో మాడ్యూల్ రిలేగా (సిగ్నల్ అందుకుని అవతలికి పంపేలా) పెట్టాల్సిందేనా? డేటా రేటు తగ్గిస్తే ఏమన్నా ఉపయోగం ఉంటదా?